సిలువలు వేసుకొని వచ్చినోళ్లు

మమ్మల్ని దింపిన చోట అంతా ఎర్రమట్టి. వాన అప్పుడే వెలిసింది. బూట్లకు పెళ్లలు పెళ్లలుగా అంటుకునింది. "మా రాయచోటి మన్నే ఇది, దానేలన్నా. నీళ్లు మాత్రం ఈడ శానా ఉండాయి" అన్నాడు మా రేడియో ఆపరేటర్ మహబూబ్.

నా పేరు దానేలు, నాది కమలాపురం పక్క పల్లె. ఐక్యరాజ్యసమితి శాంతిసేన కింద ఆఫ్రికాకు పోయిన మా దళంలో కడప మాట మాట్లాడేది మేమిద్దరమే. ఆ దేశం పేరు రాయను. వాళ్ల గాయం ఇంకా పచ్చిగానే ఉంది.

మాకిచ్చిన పని కాపలా. ఇటుకల చర్చి, చుట్టూ ముళ్లకంచె. లోపల ముస్లిం కుటుంబాలు. ఆడోళ్లు, ముసలోళ్లు, చంటిబిడ్డలు. పక్క పేట క్రైస్తవులు మెడలో సిలువలు వేసుకొని వచ్చి వీళ్ల ఇండ్లు, మసీదు తగలబెట్టినారు. పారిపోయి వచ్చినోళ్లకు తలుపు తీసింది ఆ చర్చి పాస్టరే.

నేనూ క్రైస్తవుణ్ణే. మా అవ్వ ఒళ్లో కూర్చొని ప్రార్థన నేర్చుకున్నోణ్ణి.

ఇసుక మూటలు పేర్చి బంకర్లో కూలబడినాం. మహబూబ్ నెమ్మదిగా అడిగినాడు.

"మీ యేసుసామి ఇట్ల చేయమన్నాడా అన్నా?"

"లేదప్పా."

"మరి వీళ్లేందన్నా?"

నేను రైఫిల్ తుడుస్తా ఉండిపోయినా. వాడే మళ్లీ అన్నాడు. "బాధపడొద్దులే. మావాళ్లు యాడన్నా బాంబు పెట్టినారని టీవీలో వస్తే, నేనూ ఇట్లే తల దించుకుంటా."

ఒక పొద్దున మంచు విడవకముందే ముందు పోస్టు నుంచి రేడియో మోగింది.

"దక్షిణం దారిలో జనం. కత్తులు, తుపాకులు. పాడుకుంటా వస్తాండారు."

కొంచేపటికి ఆ పాట మాకూ వినిపించింది. మాటలు తెలియవు గానీ, రాగం తెలుసు. మా పల్లె చర్చిలో తెలుగులో పాడేదే.

మహబూబ్ క్యాంపును పిలిచినాడు. బురదలో బండ్లు రావాలంటే మధ్యాహ్నం అవుతుందన్నారు. హవల్దార్ సాబ్ ఆర్డర్ ఇచ్చినాడు. "కంచె ముట్టుకునేదాకా ఎవరూ కాల్చొద్దు. ముట్టుకుంటే ఆగొద్దు."

అప్పుడు పాస్టర్ బయటికొచ్చినాడు. బక్క మనిషి, చేతిలో కట్టె. హవల్దార్ అడ్డం పోయినాడు. "వాళ్లకు బాప్తిస్మం ఇచ్చింది నేను. నన్ను మాట్లాడనీ" అని పాస్టర్ అంటాండాడని మా దుబాసి చెప్పినాడు. గేటు తీయలేదు. లోపలి పక్కే నిలబడనిచ్చి, నన్ను, దుబాసిని ఆయన పక్కన పెట్టినారు.

ఆయన ఒక్కొక్కర్ని పేరు పెట్టి పిలిచినాడు. పాట తగ్గింది. ఆగిపోయింది.

"యేసును పట్టుకునేదానికి వచ్చినపుడు ఆయన శిష్యుడే కత్తి దూసినాడు. ఆయన దించమన్నాడు. తన ప్రాణం కోసం దూసిన కత్తినే వద్దన్నాయన, మీ కత్తుల్ని ఎట్ల ఒప్పుకుంటాడు?"

ముందు నిలబడిన పొడుగాటోడు అరిచినాడు. "వాళ్లు మా తమ్ముణ్ణి చంపినారు!"

"చంపినారు. పూడ్చింది నేనే. రా, ఇద్దరం కలిసి ఏడుద్దాం. యేసు పేరు మాత్రం దీంట్లోకి తేవద్దు."

ఎవడో రాయి విసిరినాడు. పాస్టర్ నుదురు పగిలింది. నా వేలు ట్రిగ్గర్ మీదికి పోయింది. కానీ రాయి విసిరినోడి చెయ్యి పట్టుకొని వెనక్కి లాగింది ఆ పొడుగాటోడే. జనం చెదిరినారు. కొందరు దారి పక్కనే కూర్చున్నారు, మా బండ్లు వచ్చేదాకా కదల్లేదు.

నేను పాస్టర్ తలకు కట్టు కడతా దుబాసి చేత అడిగించినా. "ఇంత చూసినాక గూడా మీకు అనుమానం రాలేదా అయ్యగారూ?"

"వస్తాది" అన్నాడు. "రేపు మసీదు కాడ బూడిద ఎత్తాల. డ్యూటీ లేకుంటే రా."

పోయినా. మహబూబూ వచ్చినాడు. చర్చి ఆడోళ్లు గంపలు తెచ్చినారు. వారం వారం మనుషులు పెరిగినారు.

ఇంటికొచ్చినాక మొదటి ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పమన్నారు. ఇదంతా చెప్పినా. చివర్లో ఇంకో మాట గూడా అన్నా. మా సమాధుల తోటలో నడుమ గోడ ఉంది. పై కులం క్రైస్తవులు అవతల, మా మాలమాదిగలు ఇవతల. "ఆ గోడ గూడా యేసు పేరు చెప్పుకునే మనమే కట్టినాం" అన్నా.

ఆరాధన అయినాక అవతలి కులం సంఘపెద్ద నా దగ్గరికొచ్చినాడు. "కట్టించింది మా నాయన. కూలగొడ్తామంటే మావాళ్లు ఒప్పుకోరు. దారి మాత్రం తీయిస్తా, అబ్బీ."

తీయించినాడు. మొన్న ఎండాకాలం మా పిన్నమ్మను ఆ దారిలోనే తీస్కపోయి అవతల పూడ్చినాం. పెట్టె ఒక పక్క ఆయన భుజం మీదే ఉండె. గోడ ఇంకా ఉంది. దాని సంగతి గూడా మాట్లాడుకుంటాండాం.

అయినా కండ్లు మూస్తే నాకు కనపడేది వేరే. మేము వచ్చేసే ముందు, మసీదు గోడ మోకాలెత్తు లేచినపుడు, ఆ పొడుగాటోడు వచ్చినాడు. ఎవరూ పిలవలేదు. ఎవరూ పొమ్మనలేదు. ఇల్లు కాలిపోయిన ఒకామె ఇటుకలు అందిస్తాంది. వాడు పోయి ఆమె ముందర నిలబడినాడు. ఆమె వాడి ముఖం చూడలేదు. వంగి ఒక ఇటుక తీసి, చెయ్యి చాపింది. వాడు రెండు చేతులతో అందుకున్నాడు.