బొంతలో రెండు జెండాలు

మా పాప ఆ బొంత మీద తప్ప పడుకోదు. మెత్తటి పరుపు కొన్నాం, బొమ్మల దుప్పటి కొన్నాం. వాటి మీద వేస్తే మిరప కల్లంలో కూర్చోబెట్టినట్టు ఏడుస్తుంది. మా అత్తగారి అత్తగారు పాత బట్టలు పొరలుగా పేర్చి కుట్టిన బొంత అది. చిరిగినప్పుడల్లా ఇంట్లోవాళ్ళు ఓ అతుకు వేస్తూ వచ్చారు. ఇప్పుడు అంచులు పీలికలై, దారాలు పాప నోట్లోకి వెళ్తున్నాయి. గొంతుకు అడ్డం పడితే? ఎమ్మెస్సీ చదివినదాన్ని, భయపడడానికి నాకు కారణాలకు కరువు లేదు.

పాత బొంతలు బాగుచేసే వీడియోలు చూశాను. అతుకులన్నీ విప్పి, అసలు బొంతను బయటికి తీయాలట.

"జాగ్రత్తమ్మాయ్, లోపల మా అత్తగారి పెళ్ళి పట్టుచీర ఉంది" అన్నారు అత్తగారు. పర్చూరు చుట్టాలకు ఏళ్ళుగా ఆవిడ చెబుతున్నదీ అదే.

అతుకు విప్పితే కింద ఇంకో అతుకు. దాని కింద మామగారి పంచె. ఆ కింద మైదా సంచి గుడ్డ. పట్టుపోగు ఒక్కటీ లేదు.

"ఎలకలు కొట్టుంటాయిలే" అన్నారు అత్తగారు, తొణక్కుండా.

"పట్టు ఒక్కటే ఏరుకుని తిన్నాయా?" అని మామగారు నవ్వారు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. తర్వాతి పొరలో ఆయన పార్టీ జెండా గుడ్డ, దానికి ఆనుకుని అవతలి పార్టీ జెండా బయటపడ్డాయి. అవతలి పార్టీవాళ్ళ పెళ్ళిలో మంచినీళ్ళు కూడా ముట్టని మనిషాయన.

"ఇదెవరు పెట్టారే ఇందులో?"

"నేనే. ఎలక్షన్లయ్యాక రెండూ రోడ్డు మీద పడున్నాయి. ఆళ్ళ గుడ్డే మందంగా ఉంది."

"ఇన్నాళ్ళూ నేను దీని మీద పడుకున్నానా!"

"గురక పెట్టి మరీ."

ఆ జెండా తీసి పారేయమన్నారు మామగారు. పారేశాను. మిగిలిన పొరలు చెయ్యి తగిలితే చిరిగేంత పలచగా ఉన్నాయి. అసలు బొంత అనేది ఎక్కడా లేదు. నా ముందు మిగిలింది దారాల కుప్ప.

మధ్యాహ్నం పాప కొత్త పరుపు మీద ఎక్కిళ్ళు వచ్చేదాకా ఏడ్చింది. ఒళ్ళు వెచ్చబడిందనిపించి బ్రాడీపేట డాక్టరుగారికి ఫోన్ చేశాను. "రోజూ దేని మీద పడుకుంటుందో దాని మీదే వెయ్యండమ్మా" అన్నారు.

పాపను భుజాన వేసుకుని వరండాలో తిరిగి తిరిగి, మామగారే చెత్తబుట్టలోంచి ఆ జెండా తెచ్చారు.

"లోపలి పొరేగా అమ్మాయ్. పైకి కనపడదు. కానియ్."

"మీ పార్టీది పైన పెట్టమంటారా మామయ్యగారూ?"

"ఎక్కడో చోట పెట్టమ్మా, పిల్ల ఏడుస్తోంది!"

రెండు జెండాలనూ కలిపి పరిచి, మిగతా పొరలు పేర్చి, నా పాత కాటన్ నైటీ పైన కప్పాను. అంచులు లోపలికి మడిచి గట్టిగా కుట్టాను. సూది డబ్బాలో పెట్టి, బొంతంతా రెండుసార్లు తడిమి చూశాకే పాపను వేశాను. అది అంచు వెతుక్కుంది. పీకడానికి దారం దొరకలేదు. నైటీ గుడ్డనే గుప్పిట పట్టి నిద్రపోయింది.

ఇంతలో అత్తగారు పర్చూరుకు ఫోన్ కలిపారు. "పట్టుచీర చెక్కుచెదరలేదు వదినా! మా కోడలు బొంతంతా బాగుచేసింది."

మామగారు చెయ్యి అడ్డం పెట్టారు. "మెల్లగా కొయ్యవే కోతలు. పిల్ల లేస్తుంది."