పిల్లలున్న ఇంట్లోనూ భయం లేదన్నాను

రెండేళ్ల కిందటి మాట. మాది ఖరగ్‌పూర్ నిమ్‌పురాలో రైల్వే క్వార్టర్. పాపకు ఏడాదిన్నర నిండాక, ఇంట్లోంచే ఒక కంపెనీ వారి గిన్నెలు తోమే లిక్విడ్ అమ్మడం మొదలుపెట్టాను. "పిల్లలున్న ఇంట్లోనూ భయం లేదు" అని అందరికీ చెప్పేదాన్ని. కంపెనీ మీటింగులో మాకు నేర్పిన మాట అది.

ఒక మధ్యాహ్నం ముందుగదిలో నలుగురు ఆడవాళ్లకు సీసాలు చూపిస్తుంటే, వంటగదిలోంచి మా అత్తగారు కేకేశారు.

"ఓలమ్మా! పిల్ల నోట్లోంచి నురగొస్తంది, బేగి రా!"

మూత తీసిన సీసా పాప చేతిలో ఉంది. పాపను ఎత్తుకుని, ఆ సీసా కూడా పట్టుకుని, టోటో రిక్షా ఎక్కి ఆసుపత్రికి వెళ్లాను. దారంతా పాప దగ్గుతూనే ఉంది.

డాక్టరు సీసా అందుకుని, "దీంట్లో ఏముంది?" అని హిందీలో అడిగారు. నాకు తెలియదు. అన్ని ఇళ్లకు అమ్మినదాన్ని, ఒక్కసారి కూడా దాని వెనక రాసింది చదవలేదు. ఆయనే చదివారు. పిల్లలకు అందకుండా ఉంచమని దానిమీదే ఉంది.

పాప మింగింది కొంచెమే. సాయంత్రం దాకా చూసి, ఫరవాలేదని పంపించేశారు.

మర్నాడు పాపను చంకనేసుకుని, నా దగ్గర కొన్న ఇళ్లన్నీ తిరిగాను. ఇద్దరు సీసాలు తిరిగిచ్చేశారు. ఎదురింటి పిన్నితో, "నాను సెప్పింది తప్పు పిన్నీ. పిల్లలకి అందనీకు" అన్నాను.

పిన్ని మొహం పాలిపోయింది. "ఇప్పుడు నా మనవడు ఆడతన్నది ఆ సీసాతోనే కదే!" అంటూ లోపలికి పరిగెత్తింది.

అదృష్టం, వాడికి మూత తీయడం రాలేదు. కానీ పిన్ని తీసిన ఆ పరుగు గుర్తొస్తే నాకిప్పటికీ గుండె దడదడలాడుతుంది.