భూతాలను పిలిచేవాళ్ల పుస్తకం

నందిగామలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. ఉండేది జగ్గయ్యపేటలో. మా ఆయన పేట దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు కాబట్టి ఇల్లు మారే ఆలోచన ఎప్పుడూ చేయలేదు. పొద్దున బస్సు పేటలోనే బయల్దేరుతుంది. కాస్త ముందు వెళితే కిటికీ పక్కన సీటు దొరికేది. చిల్లకల్లు దాటి హైవే ఎక్కాక కుదుపులు తగ్గేవి. అప్పుడు సంచీలోంచి లాంగ్ నోట్‌బుక్ తీసి రాసుకునేదాన్ని.

రాసేది కథ. ఎక్కడా లేని ఒక దేశం గురించి, అక్కడ భూతాలను పిలవగలిగే మనుషుల గురించి. వాళ్లకు పిలుపరులు అని పేరు పెట్టుకున్నాను. నలభై దగ్గర పడుతున్న లెక్కల టీచరు ఇలాంటివి రాస్తుందంటే స్టాఫ్‌రూమ్‌లో నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. అట్ట మీద నా పేరు కూడా రాయలేదు. మా ఆయన ఒక్కడికే తెలుసు. ఆయనైనా ఏనాడూ తెరిచి చూడలేదు.

నా కథలోని దేశంలో ఒకప్పుడు మూడేళ్లు వానల్లేవు. జనం వలసపోతూ, కదల్లేని ముసలివాళ్లకు తోడుగా ఒక ఆడమనిషిని వదిలి వెళ్లారు. ఆమె మహా పిరికిది. రోజూ ఎండిపోయిన బావిలోకి వంగి "ఎవరైనా ఉన్నారా?" అని అరిచేది. ఒక రోజు లోపలినుంచి "ఉన్నాను" అని జవాబు వచ్చింది. మొదటి పిలుపరి ఆమే. ఆ తర్వాత ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లూ, వాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లూ. ధైర్యవంతులు పిలిస్తే భూతం రాదు. ఎంత భయపడితే అంత పెద్ద భూతం వస్తుంది. పాతాళంనుంచి నీళ్లు తోడుతుంది, దండెత్తి వచ్చినవాళ్ల గుర్రాలను చెదరగొడుతుంది. కానీ పిలిచిన ప్రతిసారీ, పిలుపరిని ఎరిగిన ఒక మనిషి ఆమెను పూర్తిగా మర్చిపోతాడు. పిలిచి పిలిచి చివరికి కన్నతల్లి కూడా ఆనవాలు పట్టలేని మాంత్రికులు ఉన్నారు నా కథలో.

భయం సంగతి నాకు బాగా తెలుసు కాబట్టే అలా రాశానేమో. గ్యాస్ కట్టేశానో లేదో చూడటానికి వీధి చివరనుంచి వెనక్కి వచ్చే మనిషిని నేను. ఫోను రెండుసార్లు మోగి ఆగిపోతే ఎవరికి ఏమైందోనని చెమటలు పట్టేవి. రాస్తున్నంతసేపూ ఆ దడ కాస్త తగ్గేది.

లెక్కల టీచర్ని కదా, పిలుపు కోసం గీసే చక్రాలన్నీ వృత్తలేఖినితో, కోణాలు కొలిచి, పద్ధతిగా గీశాను. ఒక్కో గడిలో ఒక్కో అక్షరం. పక్కన అర్థం లేని శబ్దాలతో మంత్రాలు. ఆఖరి పేజీలో పాత్రల పట్టిక. కథలో చనిపోయినవాళ్ల పేరు మీద ఎర్ర సిరాతో గీత కొట్టేదాన్ని. పేర్లు కొత్తగా కల్పిస్తే బొమ్మల పేర్లలా ఉన్నాయని మామూలు పేర్లే పెట్టాను. మా చుట్టాలవి, మా క్లాసు హాజరు పట్టీలోవి.

ఆ నోట్‌బుక్ పోయింది.

పత్తి తీతల రోజులు. సాయంత్రం బస్సు కిటకిటలాడుతోంది. ఆడవాళ్లకు టికెట్ లేకుండా చేసిన దగ్గర్నుంచీ నిలబడటానికే చోటు ఉండటం లేదు. సగం దారిలో సీటు దొరికితే కూర్చుని నాలుగు వాక్యాలు రాశాను. ఇంతలో మా ఆయన ఫోను. మాట్లాడుతూనే పేటలో దిగిపోయాను. ఇంటికి వెళ్లి సంచీ బోర్లిస్తే టిఫిన్ డబ్బా, దిద్దాల్సిన పేపర్లు, గొడుగు ఉన్నాయి. పుస్తకం లేదు. మర్నాడు డిపోలో అడిగితే మాకేం దొరకలేదమ్మా అన్నారు. ఎవరి చేతిలోనో పడి ఉంటుంది, చదివి నవ్వుకుంటారు అని రెండు రోజులు సిగ్గుపడ్డాను. ఆ తర్వాత మొదటినుంచీ రాయడం మొదలుపెట్టాను.

పది రోజులు గడిచాయి. ఒక గురువారం మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్‌లో అన్నం తింటున్నాం. మా స్కూలు ఆయా నీళ్ల సీసాలు నింపుతోంది. ఆవిడది వత్సవాయి మండలంలో ఒక చిన్న ఊరు.

"మా ఊళ్లో చేతబడి పుస్తకం దొరికిందండి," అంది ఆవిడ.

సైన్సు మేడమ్ నవ్వింది. "ఈ రోజుల్లో కూడానా?"

"నవ్వకండి మేడమ్. ఎర్ర సిరాతో పేర్లు కొట్టేసున్నాయి. చక్రాలున్నాయి. ఒంటరి ముసలావిడ ఒకామె ఉందిలెండి, బస్సుల్లో యేరుశనక్కాయలు అమ్ముద్ది. ఆమె పొట్లం కట్టిస్తే మా వాళ్లు విప్పి చూశారు. కాయితం నిండా చక్రం! ఇంటికెళ్లి ఎతికితే బుట్ట కింద పుస్తకం మొత్తం ఉంది."

చేతిలోని ముద్దను తిరిగి డబ్బాలో పెట్టేశాను.

"అందులో మా ఊరోళ్ల పేర్లు నాలుగున్నాయండి," అంది ఆయా. "గీత కొట్టేసిన పేరోడు మొన్న పత్తి చేలో గుండాగి పోయాడు. కొట్టెయ్యని పేరు పిల్లేమో అయిదు రోజుల్నించీ జొరంతో పేట ఆస్పత్రిలో ఉంది. ఇంకేం కావాలి?"

"ఆవిడేమంటోంది?" అని అడిగాను.

"చదువు రాదంటది. బస్సు సీట్లో దొరికింది, పొట్లాలకి పనికొస్తదని తెచ్చుకున్నానంటది. ఎవరు నమ్ముతారండి?"

గంట కొట్టారు. తొమ్మిదో తరగతికి వెళ్లి బోర్డు మీద లెక్క మొదలుపెట్టాను. ఒక గుర్తు తప్పు వేశాను. పిల్లలే సరిదిద్దారు.

ఆ సాయంత్రం మా ఆయనకు చెప్పాను. ఆయన లేచి వీధి తలుపు వేసి వచ్చాడు.

"నీదని ఎవరికీ తెలీదుగా?" అన్నాడు.

"తెలీదు."

"అయితే ఊరుకో. నాలుగు రోజులు పోతే వాళ్లే మర్చిపోతారు. నువ్వెళ్లి నాదే అన్నావనుకో, రేపు నీ స్కూల్లో ఏమంటారు? పిల్లల తల్లిదండ్రులు ఏమంటారు?"

ఆయన అన్నవన్నీ అప్పటికే నేను అనుకున్నవే. అందుకే ఆ మాటలు నాకు ఊరటగా అనిపించాయి. అలా అనిపించినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

శుక్రవారం ఆయాను తప్పించుకు తిరిగాను. శనివారం మెట్ల దగ్గర ఎదురుపడింది. నేను అడక్కుండానే చెప్పింది. రేపు పొద్దున పాలకేంద్రం దగ్గర పెద్దలు కూర్చుంటున్నారట. ముసలావిడను ఊరు వదిలి పొమ్మంటారట. కుర్రవాళ్లు మాత్రం పోనివ్వడం కాదు, మంత్రాలు పలక్కుండా పళ్లు రాలగొట్టాలంటున్నారట.

"పంపు దగ్గిరికి కూడా రానివ్వట్లేదండి. మూడ్రోజులైంది. నేనే చాటుగా ఒక బిందె పోసొచ్చా," అంది.

మూడు రోజులు. నేను ఆ మూడు రోజులూ ఇంట్లో వండుకుని తిన్నాను.

"ఆ పుస్తకం నాది," అన్నాను.

ఆవిడ ఒక మెట్టు వెనక్కి దిగింది. చేతిలోని చీపురు గోడకు ఆనించి నన్నే చూసింది. ఏడేళ్లుగా నాకు రోజూ టీ తెచ్చిచ్చే మనిషి.

"మీరు చేస్తారా మేడమ్?" అంది మెల్లగా.

"లేదమ్మా. కథ రాసుకున్నా. అంతే."

"కథకి మా ఊరోళ్ల పేర్లెందుకండి?"

దానికి జవాబు చెప్పేసరికి నాకు ఏడుపొచ్చింది. ఆవిడ విన్నది, సగం నమ్మింది. "రేపు రండి అయితే. వాళ్ల ముందే చెప్పండి," అంది.

ఇంటికి వెళ్లి చెబితే, పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేద్దామని మా ఆయన అన్నాడు. జీపు వస్తే ముసలావిడే పిలిపించిందంటారనీ, రేపు పోలీసులు వెళ్లిపోయాక ఆమె అక్కడే బతకాలనీ ఆయా ఫోన్లో వద్దంది. చేయి దాటేలా ఉంటే అప్పుడు చేస్తానని మా ఆయన నంబరు దగ్గర పెట్టుకున్నాడు. మనసులో ఇష్టం లేకపోయినా బండి తీశాడు. ఆదివారం పొద్దున వత్సవాయి దాటి వెళ్తుంటే రోడ్డు పొడుగునా ట్రాక్టర్ల మీదనుంచి ఎగిరిన పత్తి, తుమ్మకంపలకు చిక్కుకుని ఉంది. నా ఒళ్లో పాత నోట్‌బుక్కులు మూడు. అదే కథ మొదటి భాగాలు. సాక్ష్యం కావాలంటారని తెచ్చాను.

పాలకేంద్రం రేకుల షెడ్డు ముందు ముప్పై మంది దాకా ఉన్నారు. ముసలావిడ దూరంగా గోడవారన కూర్చుని ఉంది. పట్టుమని నలభై కిలోలు ఉండదు. నా పుస్తకాన్ని ఎవరూ ముట్టుకోకుండా ఒక ఇనప బకెట్‌లో పెట్టారు. పైన వేపమండలు.

"ఆ పుస్తకం నేను రాసిందండి," అన్నాను. బండి పట్టుకుని నిలబడ్డాను.

పెద్దాయన ఒకాయన కుర్చీలో ముందుకు జరిగాడు. "టీచరమ్మా, జాలిపడి చెప్తున్నారు మీరు. మీకెందుకు ఈ గోల?"

"జాలి కాదండి. చూడండి." పాత నోట్‌బుక్కులు ఆయన చేతికిచ్చాను. తీసుకోవడానికి ఒక క్షణం ఆలోచించాడు. తర్వాత తెరిచాడు. మండలు పక్కకు నెట్టి, పుల్లతో బకెట్‌లోని పుస్తకం తెరిపించి రాత పోల్చి చూశాడు. "రాత ఒకటేరా," అన్నాడు వెనక్కి తిరిగి.

"అయితే ఈవిడే చేసిందన్నమాట," అన్నారెవరో. జనం కదిలారు. మా ఆయన నా ముందుకు వచ్చి నిలబడ్డాడు.

అప్పుడు కథ చెప్పాను. ఇంకేం చెయ్యాలో తోచలేదు. వానల్లేని దేశం, ఎండిన బావి, అందులోకి అరిచిన పిరికి ఆడమనిషి. క్లాసులో చెప్పినట్టే, తడబడుతూ, గట్టిగా చెప్పాను. చక్రాలు ఎలా గీశానో చెప్పాను. పెన్ను తీసి, పాత నోట్‌బుక్ అట్ట వెనక ఒకటి గీసి చూపించాను. మంత్రాలు చదవమన్నారు. వద్దని ఇద్దరు ఆడవాళ్లు కేకలేశారు. పెద్దాయన చదవమన్నాడు. చదివాను. చదువుతుంటే నాకే భయం వేసింది. పైన రేకుల మీద కాకి నడిచిన చప్పుడు తప్ప ఏమీ జరగలేదు.

తెల్ల చొక్కా వేసుకున్న ఒకతను ముందుకు వచ్చాడు. గుండు చేయించుకుని ఉన్నాడు. చనిపోయిన రైతు కొడుకు.

"మా నాన్న పేరు ఎందుక్కొట్టేశావ్?" అన్నాడు. అరవలేదు. అరిచి ఉంటే నయంగా ఉండేది.

"మీ నాన్నగారు నాకు తెలీదు బాబూ. అది మా తాతయ్య పేరు. నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు పోయాడు. కథలో ఆ ముసలాయన ఊరిని కాపాడి చనిపోతాడు. అందుకే కొట్టేశా."

అతను నా మొహంలోకి చాలాసేపు చూశాడు. "కాపాడి పోతాడా?" అన్నాడు. అని, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. నమ్మాడో లేదో నాకు తెలియదు.

ఆస్పత్రిలో ఉన్న పాప తల్లి అంతసేపూ గుంజ పట్టుకుని నిలబడి ఉంది. దగ్గరికి వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. "ఏదైనా కానీండి. మా పిల్ల పేరు అందులో ఉండొద్దు. కొట్టెయ్యొద్దు మళ్లీ! కొట్టేస్తే..."

కొట్టేయకూడదు, ఉండకూడదు. పేజీ చింపుదామంటే అందులో మిగతా మూడు పేర్లున్నాయి, వాళ్లవాళ్లు ఒప్పుకోలేదు. చివరికి బకెట్‌లోంచి పుస్తకం తీసి ఒళ్లో పెట్టుకుని ఆ పేరుకు ముందొక అక్షరం, చివర ఒక అక్షరం కలిపాను. వేరే పేరైపోయింది. ఆవిడకు చదువు రాదు. అక్కడే ఉన్న ఆయా చదివి చెప్పింది. మిగతా రెండు పేర్లనూ అలాగే మార్చాను. కొట్టేసిన పేరు జోలికి మాత్రం వెళ్లలేదు.

పెద్దాయన లేచి, "అయిపోయింది, ఇక పొండి," అన్నాడు. కొందరు పోయారు. కొందరు దూరంగా నిలబడి చూస్తూనే ఉన్నారు.

ముసలావిడ దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. చేతులు పట్టుకుంటే ఎండిన కాయల్లా గరుగ్గా ఉన్నాయి.

"నీదేనా తల్లీ?" అంది ఆవిడ. "నాలుగు కాయితాలు వాడేశా. ఏమీ అనుకోకు."

దారిలో బండి మీద ఏడుస్తూనే ఉన్నాను. హైవే ఎక్కాక లారీలు పక్కనుంచి పోతుంటే మా ఆయన బండి జాగ్రత్తగా నడిపాడు.

పాపకు జ్వరం తగ్గింది. వారం తర్వాత ఇంటికి తీసుకొచ్చారు. స్కూల్లో మాత్రం విషయం ఆగలేదు. కరస్పాండెంట్ పిలిచి మర్యాదగానే మాట్లాడాడు. తల్లిదండ్రులు ఫోన్లు చేస్తున్నారనీ, ఈ ఏడు పూర్తి చేసి వేరేచోట చూసుకుంటే బాగుంటుందనీ అన్నాడు. చూసుకున్నాను. ఇప్పుడు పేటలోనే చెబుతున్నాను. ఇంటినుంచి నడిచి వెళ్తాను. రాయడం పెరటి గుమ్మంలో కూర్చుని.

ముసలావిడ ఊళ్లోనే ఉంది కానీ ఆ దారి బస్సుల్లో ఆవిడ కాయలు ఎవరూ కొనరు. అమ్మకం నందిగామ బస్టాండుకు మార్చుకుంది. ఆ వైపు పని పడినప్పుడల్లా ఆవిడ దగ్గర కూర్చుని వస్తాను. పొట్లాలకని పాత దినపత్రికలు తీసుకెళ్తాను. ఒక్కో కాగితం రెండు వైపులా తిప్పి చూసుకుని గానీ కాయలు పోయదు. చదవడం రాకపోయినా ఎర్ర సిరా ఉందేమోనని చూస్తుంది.

ఆయా నెలకోసారి ఫోన్ చేస్తుంది. ఆవిడ నంబరు కనిపించగానే గుండె దడదడలాడుతుంది. ఎత్తి, ఎలా ఉన్నావని కూడా అడగకుండా, "మీ ఊళ్లో అందరూ బాగానే ఉన్నారా?" అంటాను. ఉన్నారండీ అని ఆవిడ చెప్పేదాకా కుర్చీలో కూర్చోలేను.