ఎవరి చెయ్యి

మా వీధిలో బొమ్మను చూసి ఎవరూ "ఎవరు చేశారు?" అని అడగరు. "ఎవరి చెయ్యి?" అంటారు. మా నాన్న చేతి బొమ్మలకు ఎడమ కనుబొమ పిసరంత పైకి ఉండేది, ఎదుటివాడు చెప్పేది నమ్మనట్టు. నాన్న కనుబొమ కూడా అంతే. అద్దంలో చూసుకుంటే నాదీ అంతే.

కొండపల్లిలో మా ఇంట్లో బొమ్మలకు కళ్లు దిద్దే పని చిన్నప్పటినుంచీ నాదే. నాన్న పొణికి కర్ర చెక్కి, కాళ్లూ చేతులూ విడివిడిగా చేసి, చింతగింజల ముద్దతో అతికించి, రంగులేసి, కనుబొమలు గీసి నా ముందు పెట్టేవాడు. ఆ పని వదిలేసి ఇంగ్లీషు ఎమ్మే చదివి, తొంభైల చివర్లో విజయవాడలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరాను. రోజూ బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. చేరిన రోజునుంచీ నాన్న నాతో మాట్లాడటం మానేశాడు. "ఆవిడగారికి అన్నం పెట్టు" అని అమ్మతో అనేవాడు. నేనేం తక్కువ తిన్నానా? "ఆయనగారు తిన్నారా?" అని నేనూ అమ్మనే అడిగేదాన్ని. మధ్యలో అమ్మ నలిగిపోయింది. అలా ఏడాది గడిచింది. పైకి బింకంగానే ఉన్నాను గానీ, నాన్న ఒక్కసారి 'ఏమే' అని పిలిస్తే చాలని లోపల ఏడుస్తూనే ఉన్నాను.

ఒక ఆదివారం అరుగు మీద కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. పాత ఇంగ్లీషు భయానక నవల ఒకదాని మీద ప్రశ్న. అందులో ఒకాయన శవాల ముక్కలు కలిపి మనిషిని తయారుచేస్తాడు. దానికి పేరు పెట్టడు. మా కాలేజీ పిల్లలు చేసినవాడి పేరే దానికీ రాసేశారు. కనిపించిన చోటల్లా ఎర్ర పెన్నుతో కొట్టేసి, మార్కు తీసేస్తున్నాను.

రెండడుగుల దూరంలో నాన్న ఒక మావటివాడి బొమ్మకు రంగు వేస్తున్నాడు. కుంచె ఆగింది.

"అన్నిట్లోనూ ఒకే మాట కొట్టేస్తున్నావేంటే?"

అమ్మ ఇంట్లో లేదు. అడిగింది నన్నే. పిల్లలు పేరు తప్పు రాశారన్నాను. ఆ మనిషిని తయారుచేసేదాకా కథ చెప్పాను.

"ముక్కలు దేంతో అతికించాడు? చింతగింజల ముద్దతోనా?"

"అది రాయలేదు నాన్నా."

"మరి పిల్లలు రాసిందాంట్లో తప్పేముంది? బొమ్మకి చేసినోడి పేరే కదా. వీధిలో ఎవర్నన్నా అడుగు."

ఆ నవల్లో చేసినవాడూ, వాడు చేసినదీ ఒకరికొకరు అద్దమని పరీక్షల్లో పేజీలు నింపి మార్కులు తెచ్చుకున్నదాన్ని. నేను కొట్టేసిన పేరు వైపు మళ్లీ చూశాను.

"తర్వాతేమైంది?"

"అది కళ్లు తెరవగానే, వికారంగా ఉందని వదిలేసి పారిపోయాడు. ఎంత బతిమాలినా దగ్గరికి తీయలేదు. దాంతో అదీ పంతం పట్టింది. చివరికి ఇద్దరూ నాశనమయ్యారు."

నాన్న కుంచెను నీళ్లలో ముంచి చాలాసేపు కడిగాడు. నీళ్లు ఎప్పుడో రంగు మారిపోయాయి.

"ఎన్నేళ్లున్నాడేంటి, అలాగ?"

"చాలా ఏళ్లు."

"గట్టోడే. నాకు ఏడాదికే తలప్రాణం తోకకొచ్చింది."

నా మొహం వైపు చూడకుండా, కళ్లు లేని మావటివాణ్ణి నా ముందుకు జరిపాడు. నేను ఎర్ర పెన్ను పక్కన పెట్టి కుంచె అందుకున్నాను. తీసేసిన మార్కులన్నీ ఆ సాయంత్రమే మళ్లీ వేశాను.