మంచం సారు తనిఖీ

మా పెద్ద తనిఖీ అధికారి మంచం లేకుండా ఆఫీసు గడప దాటేవారు కాదు. నిద్రకు కాదు, డ్యూటీకి. పాత వాడ పడగొట్టి కొత్త ఇళ్ళు కట్టేచోట బిల్డర్లు ప్లాను ప్రకారం కట్టారో లేదో చూడటం మా పని. మిగతావాళ్ళు టేపు పట్టుకెళ్తే, ఆయన చెక్క మంచం జీపు నెత్తిన కట్టించుకుని బయలుదేరేవారు. దాంతో అందరికీ మంచం సారు అయిపోయారు. ఆయన కింద జూనియర్ ఇంజనీరుగా చేరిన నాలుగేళ్ళలో నేను క్షుణ్ణంగా నేర్చుకున్నది ఒక్కటే: మంచానికి ఏ కోడు వైపు బరువెక్కువో!

పరీక్ష చాలా తేలిక. మంచం మెట్లెక్కి, మలుపు తిరిగి, పైగదిలోకి వెళ్తే సంతకం. ఇరుక్కుంటే నోటీసు.

"టేపుతో పోయేదానికి ఈ మోత ఎందుకు సార్?" అన్నానోసారి, రొప్పుతూ.

"టేపు వంగుతుందమ్మాయ్. మంచం వంగదు."

అది వాళ్ళింటి మంచమే. ఆయన భార్య ఆఫీసుకు ఫోన్ చేసేది. "అమ్మా, ఇవాళైనా మంచాన్ని ఇంటికి పంపించమను. ఆయన రాకపోయినా ఫర్వాలేదు, మా అన్నయ్య నేల మీద పడుకుంటున్నాడు."

వాడలో మూడంతస్తుల ఇళ్ళు పూర్తయ్యాయి. లిఫ్టు లేదు. నలభై కుటుంబాలు అద్దెగదుల్లో కాచుక్కూర్చున్నాయి. కింద దుకాణం పెద్దది చేసుకోవడానికి కాంట్రాక్టరు మెట్ల వెడల్పును కాస్త నొక్కేశాడు. ఖాళీ మంచాన్ని పక్కకు ఒరిగించి ఎలాగో మూడో అంతస్తుకు చేర్చాం.

"అడుగే కదా సార్, సర్దుకుపోతే పోలా?" అన్నాడు.

"సరే, పడుకో."

"ఎక్కడ సార్?"

"మంచం మీద. నిన్ను కిందికి దింపుతాం."

నవ్వుతూ పడుకున్నాడు. నలుగురం ఎత్తాం. రెండో అంతస్తు మలుపులో మంచం బిగుసుకుపోయింది. అతని తల కిందికి, కాళ్ళు కిటికీలోకి. ఒక బూటు జారి కింద దుకాణానికి కలుపుతున్న సిమెంటులో పడింది.

"దింపండి సార్, బాబ్బాబు!"

"ఎలా దింపమంటావయ్యా? దారి కట్టింది నువ్వేగా!"

మెట్లు కూల్చి మళ్ళీ కట్టమని నోటీసిచ్చారు. ఇళ్ళు రెండు నెలలు వెనక్కి పోయాయి. వాడ జనం ఆఫీసు మీదికొచ్చారు. అందరికంటే గట్టిగా అరిచినవాడు దర్జీ. "మీ మంచం సరదాకి మేం ఇరుకు గదుల్లో చావాలా?"

సారు చేతులు కట్టుకుని విన్నారు. "రెండు నెలలు ఓపిక పట్టు నాయనా" అన్నారంతే. ఆ రోజు నాకూ ఆయన మీద ఒళ్ళు మండింది.

ఆ కోపంతోనే ఫైలు తిరగేశాను. కొలతల కింద ఆయన చేతిరాత కనిపించింది. "మూడో అంతస్తు, దర్జీ తల్లి. ఎనిమిదేళ్ళుగా లేవలేదు. కూర్చోబెట్టి మొయ్యకూడదు." అలా ఏడుగురు. ఇళ్ళ కేటాయింపు లాటరీలో వాళ్ళకు పై అంతస్తులు వచ్చాయని తెలిసిన రోజే ఇల్లిల్లూ తిరిగి రాసుకున్నారు.

"ఈ మాట వాళ్ళకు చెప్పొచ్చుగా సార్? మిమ్మల్ని తిట్టేవాళ్ళు కాదు."

"అప్పుడు ఆ ఏడుగురినీ తిట్టేవాళ్ళు. నాదేముంది, ఇంట్లో అలవాటే."

ఇళ్ళు అప్పగించే రోజు దర్జీ తలవంచుకుని వచ్చాడు. "మెట్లెక్కించలేమని అమ్మను చెల్లెలింట్లో వదిలేద్దామనుకున్నాం సార్" అన్నాడు. సారు అతని భుజం తట్టి, వాళ్ళమ్మను పడుకోబెట్టిన మంచం చూపించి, "ముందు నువ్వో వైపు పట్టు" అన్నారు. రెండో వైపు ఎవరూ పిలవకుండానే కాంట్రాక్టరు పట్టాడు. సారూ నేనూ చెరోపక్క.

ముసలావిడ పడుకున్నది పడుకున్నట్టే మలుపులన్నీ సాఫీగా దాటింది. ప్రతి కిటికీ దగ్గరా ఆపించి, వీధిని తనివితీరా చూసింది. మూడో అంతస్తు చేరాం. దర్జీ తలుపు తీశాడు. ఆవిడ లోపలికి చూడనేలేదు.

"ఒరే, ఇంకా పైనేముంది?"

"డాబా అమ్మా."

"మరి ఆగారేం? పదండి!"

కాంట్రాక్టరు చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు.