వెనక గదిలో ఇంగువ వాసన

దయ్యాలూ లేవు, ఆత్మలూ లేవు. చిన్నప్పటి నుంచీ నా మాట ఇదే, ఈ రోజుకీ ఇదే. ఎనిమిదో తరగతితో బడి మానేసి కుట్టుమిషన్ ముందు కూర్చున్నాను గానీ, మా తొండియార్‌పేట గ్రంథాలయంలో సైన్సు బీరువాలో నేను తిరగెయ్యని పుస్తకం లేదు. జరిగిన ప్రతిదానికీ కారణం ఉంటుందనీ, వెతికితే అది ఎక్కడో అచ్చులో దొరుకుతుందనీ నమ్మే మనిషిని. అందుకే ఇది రాయడానికి ఏడాది పట్టింది.

ఇంట్లో అక్కా నేనూ ఇద్దరమే. ఇద్దరమూ పెళ్లి చేసుకోలేదు. అక్క జార్జి టౌన్‌లో ఇంగువ తయారుచేసే కొట్టులో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసింది. ముడి ఇంగువలో పిండీ జిగురూ కలిపి పిసకడం ఆమె పని. ఎంత సబ్బు రుద్దినా ఆ వాసన చేతులను వదలదు. దిండుకూ అదే, దువ్వెనకూ అదే. నేను విసుక్కునేదాన్ని. రాత్రి నా చాప దూరంగా లాక్కునేదాన్ని.

కరోనా వచ్చి తగ్గాక నాకు వాసన తెలియడం పోయింది. కొందరికి తిరిగి వస్తుందని చదివాను. నాకు రాలేదు.

“మంచిదేలేవే. ఇంకన్నా నా పక్కన పడుకుంటావు” అని అక్క నవ్వింది. అలాగే పడుకున్నాను.

అక్క మోకాళ్లకు రెండు పూటలా వేణ్నీళ్లు కావలసివచ్చేది. హీట్ పంప్ అనే యంత్రం గురించి అప్పుడే చదివాను. గాలిలో ఉన్న వేడినే లాక్కుని నీళ్లు కాస్తుంది. కరెంటు తక్కువ తింటుంది. పైగా అది వదిలే గాలి చల్లగా ఉంటుంది. వెతికి వెతికి తెప్పించాను. బిగించడానికి పెరంబూరు నుంచి శేఖర్ అనే మెకానిక్ వచ్చాడు. ఈ తమిళ ఊళ్లో మనవాళ్లే, తెలుగువాళ్లే. బయట పెరటిగోడకు పెట్టాలన్నాడు. సముద్రపు ఉప్పుగాలి లోహాన్ని ఎలా తినేస్తుందో నేను చదివి ఉన్నాను కదా, వెనక గదిలోనే పెట్టమన్నాను. ఆ గదికి కిటికీ లేదు, పెరట్లోకి ఒక తలుపు మాత్రం ఉంది.

“తుప్పు పడితే పెయింట్ అడిచేస్తాంమా. దీంట్లో ఉండేది మండే గ్యాసు. బయట లీకయితే గాల్లో పోతాది. లోపలయితే ఆడనే నేలమీద నిలిచిపోతాది.”

“కొత్త యంత్రం ఎందుకు లీకవుతుంది?” అన్నాను.

అక్క మంచం మీది నుంచి అందుకుంది. “అది లైబ్రరీ మొత్తం నమిలి మింగింది నాయనా. దాంతో నువ్వు గెలవలేవు. చెప్పినకాడ పెట్టేసి, కాఫీ తాగి పో.”

చెప్పిన చోటే పెట్టాడు.

తర్వాతి ఎండాకాలంలో అక్క గుండె ఆగి పోయింది. ఆమె చీరలు ఒక్కొక్కటీ ముఖానికి ఆనించుకుని గాలి పీల్చి చూశాను. ఏమీ తెలియలేదు. అన్నీ ఇచ్చేశాను. ఇంగువ కొనడం మానేశాను. వాసనే తెలియనిదానికి పోపు దేనికి? ఒక్కదానికి వంట కూడా దేనికి అనిపించేది.

ఇక ఆ రోజు సంగతి. కార్తీక దీపం. పొద్దుటి నుంచి ముసురు వాన. తలుపులన్నీ మూసే ఉన్నాయి. మా ఇంట్లో ఆ సాయంత్రం ప్రతి గదిలోనూ నేలమీద ప్రమిద పెడతాం. వెనక గదిలో మొదలుపెట్టి వీధి గడపతో ముగించడం అక్క పద్ధతి. కాబట్టి అప్పటికి ఇంట్లో ఎక్కడా నిప్పు లేదు. ఇది గట్టిగా చెప్పగలను.

ప్రమిద యంత్రం ముందు పెట్టాను. నూనె పోశాను, వత్తి సరిచేశాను. అగ్గిపుల్ల తీసి పెట్టె అంచుకు ఆనించాను.

అప్పుడు ఇంగువ వాసన వచ్చింది.

లీలగా కాదు. పనినుంచి వచ్చి అక్క చెంగుతో ముఖం తుడుచుకునేటప్పుడు వచ్చేంత ఘాటుగా. నా ముక్కుకు ఏ వాసనా తెలిసి మూడేళ్లు దాటింది. పుల్ల చేతిలోంచి జారిపోయింది. అక్క డబ్బా ఏదైనా మిగిలిందేమోనని అరలన్నీ వెతికాను. లేదు. ఆ గదిలో బల్బు మాడిపోయి ఉంది, వెలుతురు చాలక పెరటి తలుపు బార్లా తెరిచాను. వానగాలి ఒక్కసారిగా లోపలికి కొట్టింది. కాసేపటికి వాసన పోయింది. ఆ గాలిలో దీపం నిలవదని అక్కడ వెలిగించలేదు. ప్రమాదం అన్న ఆలోచనే రాలేదు నాకు.

మర్నాడు పొద్దున నీళ్లు కాగలేదు. శేఖర్‌ను పిలిపించాను. మీటరు పెట్టి చూశాడు. గ్యాసు మొత్తం పోయింది. గొట్టంలోకి గాలి ఎక్కించి సబ్బునురగ రాసి చూస్తే కింది అతుకు దగ్గర పగులు కనిపించింది. అతని కళ్లు నేలమీది ప్రమిద మీద, పక్కనే పడివున్న అగ్గిపుల్ల మీద నిలిచాయి.

“నిన్న దీపం పెట్టలేదామా ఈడ?”

“లేదు. వాసన వచ్చింది.”

“ఏం వాసన? దీనికి వాసనే ఉండదుమా. వంట సిలిండర్లో కలుపుతారే, ఆ వాసన మందు దీంట్లో వెయ్యరు.”

యంత్రంలోని నూనె వాసనేమోనని ఒక గుడ్డమీద అద్ది ఇచ్చాడు. ముక్కుకు ఆనించుకున్నాను. ఏమీ తెలియలేదు. ముక్కు చెడినవాళ్లకు లేని వాసనలు తగులుతాయని తర్వాత ఒక పుస్తకంలో చదివాను. నిజమే కావచ్చు. కానీ మూడేళ్లలో ఒక్కసారే, ఆ గదిలోనే, పుల్ల గీసే క్షణంలోనే ఎందుకు వచ్చింది, తలుపు తెరవగానే ఎందుకు పోయింది అన్నది ఏ పుస్తకంలోనూ లేదు. నాకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడం నాకు అలవాటు లేని పని.

శేఖర్ యంత్రాన్ని పెరటిగోడకు మార్చాడు. గోడలో కన్నాలు సిమెంటుతో పూడ్చాడు. అతను సామాను సర్దుకుంటుంటే, ఖాళీ అయిన వెనక గదిలో ఒకసారి గాలి పీల్చి చూసి అడిగాను.

“ఇంక కొంచెం లీకయినా లోపలికి రాదు కదా?”

“రానే రాదుమా. భయపడొద్దండి.”

భయపడి అడగలేదని అతనికి చెప్పలేదు.