పుట్టని పాపకు ఆయా

మొన్న మా చిన్నమ్మాయి ఇంట్లో ఆయా కోసం ఇంటర్వ్యూ జరిగింది. ఇంటర్వ్యూ అన్నాను గానీ ఎవరు ఎవరిని చేశారో ఇప్పటికీ నాకు తేలలేదు. వచ్చినావిడ సోఫాలో సర్దుకుని కూర్చుని, పాప ఎన్నింటికి నిద్ర లేస్తుంది, ఇంట్లో కెమెరాలు ఎక్కడెక్కడ పెట్టారు, ఆదివారం సెలవు ఖాయమేనా అని వరసగా అడిగి, చివరికి నా వైపు ఒక చూపు చూసి, "పెద్దవాళ్ళ పని మాత్రం నేను చెయ్యనండీ, ముందే చెప్తున్నా" అంది. నేను పకపకా నవ్వేశాను. మా అమ్మాయి నన్ను గుడ్లురిమి చూసింది. దానికేం తెలుసు, దాని తల్లి ఆయాగా చేరి మొట్టమొదట సాకింది అరవై దాటిన ఒక పెద్దమనిషినని!

అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ళు. ఝరాసంగం దగ్గర మా పల్లెలో ఏడో తరగతి దాకా చదివి, ఆపైన చదివించే బడి లేక, జొన్న చేలో మంచె ఎక్కి డబ్బా కొట్టి పిట్టలు తోలుకుంటూ ఉండేదాన్ని. ఆ ఏడు మా నాయన ఎడ్లబండి మీది నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. కట్టు కట్టినాయన వర్షాకాలం దాకా నేల మీద కాలు మోపవద్దన్నాడు. ఇంట్లో సంపాదించే చెయ్యి ఆగిపోయింది. జహీరాబాద్‌లో ఇళ్ళకు పాలు పోసే మా మేనత్త అప్పుడే ఒక కబురు తెచ్చింది. అల్లం వ్యాపారం చేసే ఒక సావుకారి ఇంట్లో కోడలు నీళ్ళోసుకున్నదట, బిడ్డను చూసుకోవడానికి పిల్ల కావాలట. మాది బీద ఇల్లయినా శుభ్రమైన ఇల్లని మా అత్త వాళ్ళకు ముందే చెప్పి పెట్టింది.

బిడ్డ ఇంకా పుట్టలేదు కదా, ఇప్పటి నుంచే ఎందుకని మా అమ్మ అడిగింది. అదంతా ఆ కాలపు మహిమ. ఊళ్ళోకి ఫ్యాక్టరీలు రావడం మొదలైంది, వాటితో పాటు ఆఫీసర్లు, వాళ్ళ పెళ్ళాలు, వాళ్ళ చంటిపిల్లలు దిగారు, ఊళ్ళో కాస్త నెమ్మదైన ఆడపిల్ల కనిపిస్తే చాలు, పిలిచి ఆయాగా పెట్టేసుకుంటున్నారు. సావుకారి భార్య, ఆమెను నేను పెద్దమ్మ అనేదాన్ని, ఈ సంగతి కనిపెట్టి, వానాకాలం రాకముందే కట్టెలు కొనిపెట్టుకున్నట్టు ఆయాను కూడా ముందుగానే తెచ్చిపెట్టుకోవాలనుకుంది.

పరీక్ష కూడా పెట్టింది. ఎత్తుకుని చూపించడానికి ఇంట్లో బిడ్డ లేడు కాబట్టి, చట్నీ నూరే పొత్రాన్ని పాత చీర ముక్కలో చుట్టి నా చేతుల్లో పెట్టి, వాకిట్లో అటూ ఇటూ తిరగమంది. తల కిందికి జారకుండా పట్టుకున్నానో లేదో వంగి చూసింది. ఊయల బల్ల మీద కూర్చుని చాయ్ తాగుతున్న పెద్దయ్య, అంటే సావుకారి, కళ్ళద్దాలు సర్దుకుని చూసి, "ముక్కు అచ్చం మా నాయన తీరుగనే ఉన్నది" అన్నాడు. ఆ ముక్కకు నాకు నవ్వాగలేదు గానీ పొత్రం మాత్రం జారలేదు. ఇంతలో పెద్దమ్మ నా వెనకగా వచ్చి, బెదురుతానో లేదోనని ఇత్తడి తాంబాళం బండల మీద పడేసింది. మంచె మీద డబ్బాల మోత మధ్య పెరిగినదాన్ని, నాకదేం లెక్క. పెద్దయ్య ఉలిక్కిపడి చాయ్ ధోవతి మీద ఒలకబోసుకున్నాడు. నా ఉద్యోగం ఖాయమైంది.

తీరా నేను బట్టల సంచితో దిగిన వారానికే కోడలిని పురిటికి పుట్టింటివాళ్ళు బీదర్ తీసుకుపోయారు. ఇక నాకు పనేముంది? పొద్దున లేచి ఖాళీ ఉయ్యాలను తుడిచేదాన్ని, సాయంత్రం మళ్ళీ తుడిచేదాన్ని. మనిషి ఊరికే కూర్చుంటే పెద్దమ్మకు ఒళ్ళు మండేది. చివరికి ఒకనాడు నన్ను పిలిచి, "పాప వచ్చేదాక ఈయనను చూస్కో పిల్లా. గంత ఫరక్ ఏముంటది" అంది.

పెద్దయ్యకు షక్కర్ బీమారి. తీపి ముట్టవద్దని దవాఖానలో గట్టిగా చెప్పారు. ఆయనకేమో తీపి అంటే ప్రాణం. అల్లం బేరానికని బయల్దేరి చెరకు తోటల్లో బెల్లం వండే చోటికి పోయేవాడు. పాకం కుదిరిందో లేదో చూడాలన్న వంకతో పెనం పక్కన నిలబడేవాడు. నేను వెంటే పోయి ఎదురుగా కూర్చుని, ఏమీ అనకుండా, ఆయన చేతినే చూస్తూ ఉండేదాన్ని. అనడానికి నాకు ధైర్యం ఎక్కడిది, చూడటమే నాకు చేతనైన పని. ఆ చూపుకే ఆయన చెయ్యి వెనక్కి పోయేది. ఒకసారి నన్ను తప్పించుకోవడానికి మంగలి దుకాణంలో దూరి మొహమంతా సబ్బు నురగ పూయించుకుని కూర్చున్నాడు. చెప్పులను బట్టి పట్టేశాను. బజార్లో వాళ్ళంతా నన్ను చూడగానే, "సావ్‌కార్, మీ ఆయమ్మ వచ్చింది" అని కేకేసేవారు. పాపం, అంత మీసం పెట్టుకున్న మనిషి తల వంచుకుని నా ముందు నడిచేవాడు.

మెంతి నీళ్ళు తాగించడం ఇంకో యుద్ధం. వద్దంటే మొహం తిప్పుకునేవాడు, బతిమాలితే నిద్ర నటించేవాడు. కొన్నాళ్ళకు నాకొక ఉపాయం తట్టింది. గ్లాసు చేతికిచ్చి, ఆ వారం అల్లం ధర కావాలని తప్పు చెప్పేదాన్ని. ఆయనకు తప్పు ధర వింటే ఆగదు. దిద్దడానికి తొందరపడి, నోటికి అడ్డం ఉండకూడదని గ్లాసంతా ఒక్క గుక్కలో తాగేసి మొదలుపెట్టేవాడు. చిన్నపిల్లలకూ ఇంతే, ఎదురుపడితే మొండికేస్తారు, పక్క నుంచి పోతే ఒప్పుకుంటారు. నా పనితనమంతా నేను పెద్దయ్య మీదే నేర్చుకున్నాను.

బీదర్‌లో ఆడపిల్ల పుట్టింది. అయిదో నెలలో తీసుకొస్తున్నారని తెలిసి, ఆ పొద్దున నేను తలంటుకుని, ఉతికిన లంగావోణీ కట్టుకుని గడప దగ్గర నిలబడ్డాను. జీపు ఆగింది. ముందు కోడలు దిగింది, వెనకాల పాపను గుండెకు హత్తుకుని ఒక భారీ మనిషి దిగింది. కోడలిని చిన్నప్పుడు సాకిన అవ్వట. నేను చాచిన చేతులు అలాగే ఉండగా ఆమె నన్ను ఎగాదిగా చూసి, "ఈకె యారు?" అని కన్నడంలో అడిగింది. ఈమె ఎవరని. అందరూ నా వైపు చూశారు. నన్ను ఎవరని చెప్పాలో ఎవరికీ తోచలేదు.

ఆ సాయంత్రమే పెద్దమ్మ నన్ను పక్కకు పిలిచి, "ఒక్క పోరికి ఇద్దరెందుకు బిడ్డా, నువ్వే చెప్పు" అని నొచ్చుకుంటూనే అంది. పాప వచ్చిన సంబరంలో ఆమెకు పెద్దయ్య సంగతే గుర్తు లేదు. ఆయనకు బాగా గుర్తుంది. నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "సల్లగుండు బిడ్డా, మంచిగ పో" అని దీవించాడు. ఆ మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

సంచి పట్టుకుని బస్టాండుకు నడిచాను. నాయన ఇంకా గోడ పట్టుకునే నడుస్తున్నాడు. ఇంటికి పోయి ఏమని చెప్పాలి? ఝరాసంగం పోయే ఆఖరి బస్సు ఆగి ఉంది. ఎక్కబోతూ ఎందుకో రోడ్డు వైపు చూశాను. బొంబాయి లారీలు ఆగే చోట మిఠాయి దుకాణం ముందు, వేడి జిలేబీల పళ్ళెం చేతిలో పట్టుకుని, కళ్ళు మూసుకుని వాసన పీలుస్తూ పెద్దయ్య.

పోయి ఎదురుగా నిలబడ్డాను. కళ్ళు తెరిచి నన్ను చూసి అదిరిపడ్డాడు.

"నీ నౌకరి అయిపోయింది గద పిల్లా, ఇంక నా ఎంబడి ఎందుకు పడ్డవ్?"

"నేనెక్కడ పడ్డ పెద్దయ్యా, బస్సుకొచ్చిన. మీరే నాకు కండ్లవడ్డరు."

"ఒక్కటి. ఒక్కటే తింట."

నేను ఆయన చేతినే చూస్తూ ఉన్నాను. వెనక కండక్టర్ "ఝరాసంగం, ఝరాసంగం" అని అరుస్తున్నాడు. తల తిప్పితే ఆయన నోట్లో వేసుకుంటాడని నాకు తెలుసు, అందుకని తిప్పలేదు. బస్సు హారన్ కొట్టి కదిలేసరికి మాత్రం ప్రాణం ఆగక తిప్పాను. మళ్ళీ ఇటు చూసేసరికి పళ్ళెంలో ఒక జిలేబీ తక్కువైంది. అటు బస్సూ పోయింది.

నాకు ఏడుపొచ్చింది. పెద్దయ్య నమలడం ఆపాడు. పొద్దుగూకుతోంది, లారీ డ్రైవర్లు చేరుతున్నారు, ఆ చోట నన్నొక్కదాన్నే వదిలిపోవడం ఆయనవల్ల కాలేదు. ఇంటికి తీసుకుపోతే బస్టాండుకు ఎందుకు వచ్చాడో చెప్పాలి. పళ్ళెం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, పళ్ళెం దుకాణదారుకు ఇచ్చేసి నా సంచి తీసుకున్నాడు.

"నడువ్, ఇంటికి పోదాం."

దారి పొడుగునా అబద్ధాలు కట్టాడు. దోస్తును బస్సెక్కించడానికి వచ్చానంటే ఎట్లుంటది అని నన్నే అడిగాడు. ఏ దోస్తని పెద్దమ్మ అడిగితే ఏమంటారన్నాను. అల్లం లారీ కోసమంటే? ఇది అల్లం కాలం కాదు కదా అన్నాను. ఇంటి మలుపు దాకా ఒక్కటీ నిలవలేదు.

గుమ్మంలో పెద్దమ్మ పాపను ఎత్తుకుని నిలబడి ఉంది. పెద్దయ్య నోరు తెరిచేలోపే ఆమె ఆయన మీసం చూసింది. అక్కడ పాకం మెరుస్తోంది. ఆమె నా వైపు తిరిగి, "సంచి లోపట వెట్టు బిడ్డా" అంది.

అలా ఒకే ఇంట్లో ఇద్దరు ఆయాలం అయ్యాం. ఏడాది తిరిగాక అవ్వ బీదర్ వెళ్ళిపోతే పాప కూడా నా చేతికే వచ్చింది. తాతనూ మనుమరాలినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి జావ తాగించేదాన్ని. ఒకరు తాగితేనే ఇంకొకరు తాగేవారు. నా పెళ్ళయ్యేదాకా అక్కడే ఉన్నాను, తర్వాత అంగన్‌వాడీలో చేరాను. పెద్దయ్య చాలాకాలం బతికాడు.

నిరుడు ఒక పెళ్ళికని జహీరాబాద్ పోయినప్పుడు ఆ వీధిలోకి వెళ్ళాను. ఆ ఇల్లు లేదు, పెద్ద బట్టల దుకాణం ఉంది. ఆ కుటుంబం ఎక్కడుందో ఎవరికైనా తెలుసేమోనని అడిగితే, గల్లా దగ్గర కూర్చున్న అమ్మాయి మర్యాదగా, "వాళ్లకు మీరేమైతరు?" అంది. చుట్టాన్ని కాను. పనిమనిషిననడానికి మనసొప్పలేదు. ఆయానందామంటే ఎవరికని అడుగుతుంది. మొన్న వచ్చినావిడ లాంటి ఇప్పటివాళ్ళకు తమ పనేదో, తమది కాని పనేదో చేరే ముందే తెలుసు. అది వాళ్ళకు మంచిదే, మమ్మల్ని అలా అడగనిచ్చినవాళ్ళు ఎవరున్నారు? కానీ నేనూ అంత తేటగా తెలిసి చేరి ఉంటే, ఆ ఇంట్లో నాకు దొరికిన, ఏ పేరూ లేని ఆ చోటు దొరికేదే కాదేమో.

"ఆ ఇంట్ల ఉండేదాన్ని బిడ్డా" అని చెప్పి వచ్చేశాను.